మిగతా 115 మంది

క్రిస్ మనీమేకర్ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తెలియకపోయినా పర్లేదు, నాలుగు వాక్యాల్లో చెప్పేయొచ్చు. అమెరికాలోని టెనెసీలో ఒక మామూలు అకౌంటెంట్, వయసు 27. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని 86 డాలర్లు పెట్టి పోకర్‌స్టార్స్ అనే సైట్లో ఒక చిన్న టోర్నమెంట్ ఆడాడు. అందులో నెగ్గి, ఆ పై మెట్టులోనూ నెగ్గి, 10,000 డాలర్లు కడితే తప్ప లోపలికి రానివ్వని వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో సీటు సంపాదించాడు. 2003లో లాస్ వేగస్‌లో 839 మంది ఆడిన ఆ పోటీలో గెలిచి 25 లక్షల డాలర్లు ఇంటికి తీసుకెళ్ళాడు. 'మనీమేకర్' అన్నది అతని అసలు ఇంటిపేరే. సినిమాలో పెడితే మరీ అతిగా ఉందని మనమే నవ్వేవాళ్ళం.

ఈ కథని మావాళ్ళు, అంటే సాఫ్ట్‌వేర్ వాళ్ళు, స్టార్టప్ వాళ్ళు, పాడ్‌కాస్టుల్లో జీవితపాఠాలు చెప్పేవాళ్ళు, ఎప్పుడూ ఒకే పనికి వాడతారు. ఇంటర్నెట్ వచ్చి గేట్లు బద్దలు కొట్టింది, ఇక ప్రొఫెషనల్ అయినా అమెచ్యూర్ అయినా ఒకటే, దమ్మున్నవాడిదే ఆట అని. వినడానికి బాగుంటుంది. కులం అడగలేదు, కాలేజీ అడగలేదు, ఎవరబ్బాయివని అడగలేదు, 86 డాలర్లు అడిగింది అంతే. ఇంతకంటే సమానత్వం ఏం కావాలి?

నా వాదన ఒక్కటే. ఆ కథలో ప్రతి ముక్కా నిజమే. కానీ ఆ కథ ఒక సరుకు. అది ఒకసారి తయారవ్వాలంటే ఎంతమంది ఓడాలో ముందే లెక్క కట్టి ఉంటుంది. ఆ లెక్క దాచి కథ మాత్రమే చెప్పేవాడు, తెలిసో తెలియకో, సేల్స్‌మన్ ఉద్యోగం జీతం లేకుండా చేస్తున్నాడు.

లెక్క చూద్దాం. పెద్ద టోర్నమెంట్‌లో సీటు బహుమతిగా ఇచ్చే చిన్న టోర్నమెంట్‌ని శాటిలైట్ అంటారు. శాటిలైట్ డబ్బు పుట్టించదు, పోగేస్తుంది. 10,000 డాలర్ల సీటు ఒకటి తయారవ్వాలంటే 86 డాలర్లు కట్టినవాళ్ళు సుమారు 116 మంది కావాలి. సైటు తన కమీషన్ కోసుకోలేదనే అనుకుందాం, అయినా అంతే. మధ్యలో ఎన్ని మెట్లు పెట్టినా అంతే. ఒకడు విమానం ఎక్కుతాడు, 115 మంది ఆ విమానానికి పెట్రోలు. ఎక్కినవాడు అక్కడ మరో 838 మందితో ఆడాలి. అందరూ సమానంగా ఆడతారనుకుంటే 86 డాలర్ల దగ్గర మొదలుపెట్టినవాడు చివరి కుర్చీదాకా చేరే అవకాశం దాదాపు 97 వేలలో ఒకటి. దీన్ని తలుపు తెరవడం అంటే నాకు అభ్యంతరం లేదు, తలుపు వెడల్పెంతో కూడా చెప్పినంతవరకు.

ఇంకో సంగతి. ఈ తలుపు ఇంటర్నెట్ తెరిచింది కూడా కాదు. శాటిలైట్లని మొదలుపెట్టిన ఘనత 1970లలో వరల్డ్ సిరీస్‌ని నడిపిన ఎరిక్ డ్రేక్‌ది అంటారు. 1983లో టామ్ మెక్‌ఎవోయ్ అనే ఆయన శాటిలైట్‌లో సీటు గెలిచి, ఆ సీటుతో మెయిన్ ఈవెంట్ గెలిచాడు. ఆయన కూడా ఒకప్పుడు అకౌంటెంటే! అంటే మనీమేకర్‌కి సరిగ్గా ఇరవై ఏళ్ళ ముందే ఈ కథ జరిగిపోయింది. మరి మెక్‌ఎవోయ్ పేరు ఏ పాడ్‌కాస్టులోనూ ఎందుకు వినపడదు? అప్పుడు ఆ కథతో అమ్మాల్సిన సరుకు లేదు కాబట్టి. 2003లో ఉంది. ఇంట్లోంచే డబ్బు కట్టి ఆడే సైటు ఉంది. ఆటగాళ్ళ చేతిలోని ముక్కల్ని ప్రేక్షకులకి చూపించే చిన్న కెమెరాలు టేబుల్లో ఉన్నాయి. ఆ దృశ్యాల్ని మళ్ళీ మళ్ళీ వేసే ఈఎస్‌పీఎన్ ఉంది.

ఫలితం అంకెల్లోనే కనిపిస్తుంది. మెయిన్ ఈవెంట్ ఆడినవాళ్ళు 2003లో 839 మంది, 2004లో 2,576, 2005లో 5,619, 2006లో 8,773. 2004లో గెలిచిన గ్రెగ్ రేమర్ కూడా ఆన్‌లైన్‌లో సీటు గెలుచుకుని వచ్చినవాడే, వృత్తి పేటెంట్ లాయరు. 2006 విజేత జేమీ గోల్డ్‌కి వచ్చింది కోటీ 20 లక్షల డాలర్లు. ఆ ఏడాది చివర్లో, ఆన్‌లైన్ జూదానికి బ్యాంకుల ద్వారా డబ్బు వెళ్ళకుండా అమెరికా ఒక చట్టం తెచ్చింది. మరుసటి ఏడాదే సంఖ్య 6,358కి పడిపోయింది. వేగస్‌లోని ఆ హాలుకి నీళ్ళు ఏ గొట్టంలోంచి వస్తున్నాయో ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చూపించలేరు.

నేను కోడ్ రాసి బతికేవాణ్ణి. ఉద్యోగంలో రోజూ చూసే గ్రాఫుల్లో ఒకదాన్ని మా భాషలో ఫన్నెల్ అంటారు, తెలుగులో గరాటు. పైన వెడల్పు, కింద సన్నం. పైన ఎంతమంది పడ్డారు, కిందికి ఎంతమంది దిగారు అని చూస్తాం. గరాటు కట్టినవాడు కింద చుక్కగా పడ్డవాడి ఫొటో తీసి పైన అతికిస్తాడు, ఇంకొంతమంది పడటానికి. మన ఊళ్ళలో ఎంసెట్ ర్యాంకుల హోర్డింగులు చూసి పెరిగినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. మొదటి ర్యాంకు ఫొటో ఉంటుంది, ఫీజు కట్టినవాళ్ళ సంఖ్య ఉండదు.

ఇక్కడ ఒక పుస్తకం గురించి చెప్పాలి. 2000లో హార్పర్స్ పత్రిక జేమ్స్ మెక్‌మానస్ అనే కవిని, నవలాకారుణ్ణి వరల్డ్ సిరీస్ మీద వ్యాసం రాయమని వేగస్ పంపింది. ఆయన పత్రిక ఇచ్చిన అడ్వాన్సు పెట్టి శాటిలైట్ ఆడి, సీటు గెలిచి, 512 మంది ఆడిన మెయిన్ ఈవెంట్‌లో ఐదో స్థానంలో నిలిచాడు. ఆ అనుభవమే 'పాజిటివ్లీ ఫిఫ్త్ స్ట్రీట్' పుస్తకమైంది. అది ఇంటర్నెట్ శాటిలైట్ కాదు, బినియన్స్ హార్స్‌షూ కెసినోలో ఆడింది. అప్పటి శాటిలైట్ అంటే మామూలుగా ఒక టేబులు, పదిమంది మనుషులు, తలా వెయ్యి డాలర్ల చొప్పున. గెలిచినవాడికి సీటు. మిగతా తొమ్మిదిమంది ఒక్కొక్కరే కుర్చీ వెనక్కి జరిపి లేస్తారు. ఆ లేవడం గెలిచినవాడు చూస్తాడు. తన సీటు ఎవరి డబ్బుతో వచ్చిందో అతనికి ముఖాలతో సహా తెలుసు.

ఆన్‌లైన్ తీసేసింది ఇదే. ఇక్కడ ఓడినవాడు ఒక మారుపేరు, ఒక చిన్న బొమ్మ. డబ్బు అయిపోగానే మాయమవుతాడు, ఆ ఖాళీలోకి క్షణంలో ఇంకో మారుపేరు వస్తుంది. ఓడినవాడికీ అంతే. లేచి నడిచి బయటికి వెళ్ళాల్సిన గది లేదు, ఇంకో 86 కట్టే బటన్ మాత్రం అక్కడే ఉంది. పది ముఖాలు చూస్తే తనంతట తానే తట్టే లెక్క 116 మారుపేర్ల దగ్గర తట్టదు. మా ప్రజాస్వామ్యవాదులు 'ఘర్షణ లేని అనుభవం' అని మెచ్చుకునేది దీన్నే.

సరే, ఇప్పుడు అసలు ఎదురువాదన. 'లాటరీతో పోల్చకండి, పోకర్ నైపుణ్యం ఉన్న ఆట. బాగా ఆడే అమెచ్యూర్ పైకి వస్తాడు.' మొదటి మాట పూర్తిగా ఒప్పుకుంటాను. పోకర్‌లో నైపుణ్యం ఉంది, చాలా ఉంది. చిక్కు వచ్చేదే అక్కడ.

2003లో చివరికి పదిమంది మిగిలినప్పుడు మనీమేకర్‌కీ ఫిల్ ఐవీకీ ఒక ఆట పడింది. ఐవీ అప్పటికే నిపుణులు భయపడే ఆటగాడు. నాలుగో ముక్క పడేసరికి ఐవీ చేతిలో ఫుల్ హౌస్ ఉంది, గెలుపు దాదాపు ఖాయం. చివరి ముక్క ఆసు పడింది. మనీమేకర్‌ది ఇంకా పెద్ద ఫుల్ హౌస్ అయింది, ఐవీ పదో స్థానంలో ఇంటికి వెళ్ళాడు. ఆ ఒక్క ముక్క వేరేది అయ్యుంటే ఈ వ్యాసమే లేదు. మనీమేకర్‌కి ఆట రాదని కాదు. ఆఖర్లో శామ్ ఫర్హా మీద చేతిలో ఏమీ లేకుండా మొత్తం చిప్స్ ముందుకు తోసి, తొమ్మిదుల జత ఉన్న ఫర్హా చేత ముక్కలు పడేయించాడు. దానికి గుండె కావాలి. కానీ ఫర్హా ఆ రోజు వదలకుండా కాల్ చేసి ఉంటే అదే పనిని మనం తెలివితక్కువ అనేవాళ్ళం. మిగతా 115 మందిలో ఎంతమంది ఇలాగే గుండె చేసుకుని తోసి పోగొట్టుకుని ఉంటారో? వాళ్ళ ముందు కెమెరా లేదు.

ఒక రాత్రి ఆటలో అదృష్టం పెద్దది, లక్ష ఆటల్లో నైపుణ్యం పెద్దది. ఈ వ్యాపారానికి రెండూ కావాలి. మొదటిది అమెచ్యూర్‌ని పిలుస్తుంది, రెండోది అతన్ని తింటుంది. అదృష్టమే లేకపోతే కొత్తవాడు రెండో రోజు రాడు. చదరంగం గ్రాండ్‌మాస్టర్‌తో పందెం కట్టడానికి ఎవరు డబ్బు తెస్తారు చెప్పండి? నైపుణ్యమే లేకపోతే ప్రొఫెషనల్ రాడు. ఇద్దరూ వస్తే ప్రతి టేబుల్ దగ్గరా, ఎవరు గెలిచినా ఎవరు ఓడినా, సైటు తన కమీషన్ తీసుకుంటుంది. ఆటగాళ్ళు దాన్ని రేక్ అంటారు. ఈ మొత్తం వ్యవహారంలో ఎప్పుడూ ఓడని చెయ్యి అదొక్కటే.

ఇంటర్నెట్ ఈ తినడాన్ని ఎంత వేగవంతం చేసిందో చూడండి. కెసినో టేబుల్ మీద గంటకి పాతికో ముప్ఫయ్యో ఆటలు పడతాయి. ఆన్‌లైన్‌లో ఒక్క టేబుల్ మీదే దానికి రెట్టింపు, పైగా ప్రొఫెషనల్ ఒకే తెరమీద పది టేబుళ్ళు తెరుచుకుంటాడు. ఎదుటివాడు ఎన్నిసార్లు భయపడ్డాడో, ఎన్నిసార్లు తొందరపడ్డాడో లెక్కగట్టి పేరు పక్కనే అంకెలుగా చూపించే సాఫ్ట్‌వేర్ వచ్చింది. తర్వాత, ఏ చేతికి ఏం చేయాలో గణితంతో తేల్చే సాల్వర్లు వచ్చాయి. 2009లో మెయిన్ ఈవెంట్ గెలిచిన జో కాడా వయసు 21. అంతకుముందు ఏడాది గెలిచిన పీటర్ ఈస్ట్‌గేట్ వయసు 22. ఇద్దరూ ఆన్‌లైన్‌లో రాటుదేలిన ప్రొఫెషనల్స్. అమెచ్యూర్‌కి తెరిచామన్న తలుపులోంచి ఆరేళ్ళలో వచ్చింది ముసలి ప్రొఫెషనల్స్ కంటే పదునైన కుర్ర ప్రొఫెషనల్స్. వాళ్ళు ఆ అకౌంటెంట్లని, లాయర్లని ఏమని పిలుస్తారో తెలుసా? చేపలు. తమని తాము సొరచేపలు అనుకుంటారు. ప్రజాస్వామ్యంలో ఓటర్లని చేపలు అని పిలవడం నేనెక్కడా వినలేదు, కనీసం ముఖమ్మీద.

'అయినా తప్పేముంది, ఆడేవాడికి తెలిసే ఆడుతున్నాడు కదా' అంటారు. ఏం తెలిసి? 2000లో మెక్‌మానస్ ఐదో స్థానంలో ఆగినప్పుడు గెలిచింది క్రిస్ ఫెర్గుసన్. కంప్యూటర్ సైన్సులో డాక్టరేట్ ఉన్నవాడు, మా ఫీల్డువాళ్ళకి పోస్టరు పెట్టుకోదగ్గ హీరో. తర్వాత అతను, ఇంకొందరు పేరున్న ఆటగాళ్ళు కలిసి ఫుల్ టిల్ట్ పోకర్ సైటు వెనక నిలబడ్డారు. ప్రొఫెషనల్స్‌తో కలిసి ఆడండి, నేర్చుకోండి అన్నదే దాని ప్రచారం. 2011 ఏప్రిల్ 15న అమెరికా న్యాయశాఖ పోకర్‌స్టార్స్, ఫుల్ టిల్ట్, అబ్సొల్యూట్ పోకర్ల మీద కేసులు బయటపెట్టింది. అదే ఏడాది సెప్టెంబరులో ఇంకో ఆరోపణ చేర్చింది: ఫుల్ టిల్ట్ ఆటగాళ్ళకి ఇవ్వాల్సింది సుమారు 39 కోట్ల డాలర్లయితే మార్చి చివరినాటికి బ్యాంకులో ఉన్నది సుమారు 6 కోట్లు, 2007 నుంచి డైరెక్టర్లకీ యజమానులకీ పంచుకున్నది సుమారు 44 కోట్లు. ఫెర్గుసన్, హోవర్డ్ లెడరర్ తప్పు ఒప్పుకోకుండానే రాజీ చేసుకున్నారు. ఎవరి తప్పు ఎంత అన్నది లాయర్లకి వదిలేద్దాం. మెక్‌మానస్ టేబుల్ దగ్గర చిప్స్ కళ్ళముందుండేవి. ఇక్కడ తెరమీద కనిపించే అంకె వెనక డబ్బు ఉందో లేదో చేపకి తెలిసే దారే లేదు.

అల్టిమేట్‌బెట్ సంగతి ఇంకా ఘోరం. 2008లో ఆ సైటుకి లైసెన్సు ఇచ్చిన కానవాకే గేమింగ్ కమిషన్, ఎదుటివాళ్ళ ముక్కలు కనిపించే దొంగ ఖాతాలతో ఏళ్ళ తరబడి జరిగిన మోసానికి ముఖ్య బాధ్యుడిగా రస్ హామిల్టన్ పేరు చెప్పింది. 1994 మెయిన్ ఈవెంట్ విజేత ఆయన. సాఫ్ట్‌వేర్ రాసేవాడిగా నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. సర్వర్‌కి ముక్కలన్నీ తెలుసు. ఆ సర్వర్ ఎవరి చేతిలో ఉంది, ఆ చేతిని ఎవరు చూస్తున్నారు అన్నవే అసలు ప్రశ్నలు. ఇలాంటి మోసమే 2007లో అబ్సొల్యూట్ పోకర్‌లో బయటపడింది. దాన్ని పట్టుకున్నది పోలీసులు కాదు, ఆటగాళ్ళే. కంపెనీ పొరపాటున పంపిన ఒక ఫైల్లోని ఆటల చరిత్రని వరసకి వరస చదివి, ఈ మనిషికి ఎదుటి ముక్కలు కనిపిస్తే తప్ప ఇలా ఆడలేడు అని తేల్చారు. నాకు ఈ మొత్తం చరిత్రలో నచ్చిన ఆటగాళ్ళు వాళ్ళు. సైటు నమ్మమన్నదాన్ని పక్కనపెట్టి లెక్క చదివారు.

ఇక మన దగ్గరికి వద్దాం. మనం ఈ ప్రశ్నని దశాబ్దాలుగా 'నైపుణ్యమా, అదృష్టమా' అనే అడుగుతున్నాం. ఆ ప్రశ్నకి సుప్రీంకోర్టు ఇచ్చిన పేరుమోసిన జవాబుల్లో ఒకటి మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద జరిగిన దాడి కేసులోంచి వచ్చింది. 1968లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ. రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదు, పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి ప్రధానంగా నైపుణ్యమే అని కోర్టు చెప్పింది. తర్వాత ఆన్‌లైన్ కంపెనీలు ఆ మాటని కవచంలా తొడుక్కున్నాయి. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ చట్టాలు మార్చి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని ఆపాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యమా కాదా అన్న తేడా చూడకుండా, వాటన్నిటినీ దేశమంతా నిషేధిస్తూ చట్టం చేసింది.

నిషేధం సరైనదా అన్నది వేరే చర్చ. నాకు విసుగు తెప్పించేది ఇరుపక్షాలూ ఒకే తప్పు ప్రశ్నకి జవాబు చెప్పుకోవడం. 'నైపుణ్యం కాబట్టి వదిలేయండి' అనేవాళ్ళకి, నైపుణ్యం ఉండటం వల్లే బలహీనుడు మరింత ఖాయంగా ఓడతాడని కనిపించదు. క్లబ్బులో రమ్మీ ఆడే ఆరుగురు ఏళ్ళ తరబడి ఒకరికొకరు తెలిసినవాళ్ళు. అదే నైపుణ్యం, లక్షలమంది అపరిచితులున్న సైట్లో, అంకెలు చదివే సాఫ్ట్‌వేర్ చేతికొస్తే ఇంకో జంతువు అవుతుంది. 'జూదం పాపం' అనేవాళ్ళకి, కుర్రాళ్ళని లాగేది పేకముక్క మీద మోజు కాదని కనిపించదు. లాగేది కథ. నాలాంటివాడొకడు గెలిచాడట అన్న కథ. సైటు మూసేయొచ్చు, కథని ఎలా మూస్తారు? అది రేపు ట్రేడింగ్ కోర్సుగా వస్తుంది, ఎల్లుండి ఇంకో యాప్‌గా వస్తుంది. అప్పుడూ 86 డాలర్ల అకౌంటెంటే ఉంటాడు, ఇంటిపేరు మారుతుంది.

అందుకే ఈ మాటలు ఏ టెక్నాలజీ పత్రికకో కాకుండా ఇక్కడ రాస్తున్నాను. కథలకి మార్కెట్ మనమే. 116 మందిలో ఒకణ్ణి ఎంచి, మిగతావాళ్ళని నేపథ్యంలోకి నెట్టి, గెలుపుతో ముగించే నిర్మాణం మనకి అలవాటు. దాన్ని 'స్ఫూర్తి' అంటాం. మనం చదివే నవలలో ఇలా జరిగితే, పక్క పాత్రలన్నీ అట్టబొమ్మల్లా ఉన్నాయని సమీక్షలో చీల్చి చెండాడతాం. నిజజీవితం దగ్గరికొచ్చేసరికి అదే నిర్మాణాన్ని చప్పట్లు కొట్టి మింగుతాం. ఈ ఆట మీద నిలిచిన మంచి రచనలు చూడండి: మెక్‌మానస్‌ది ఐదో స్థానంలో ఓడినవాడి పుస్తకం. కోల్సన్ వైట్‌హెడ్ 2011లో ఒక పత్రిక కట్టిన పదివేల డాలర్లతో ఆడి, పైసా గెలవకుండా తిరిగొచ్చి 'ద నోబుల్ హసిల్' రాశాడు. ఆ పదివేలు ఆయన జేబులోవి కావు, అదీ గుర్తుంచుకోవాల్సిందే. ఓడి లేచినవాడికి గది మొత్తం కనిపిస్తుంది.

అమెచ్యూర్ అన్న మాట మీద నాకు కొంచెం పట్టింపు ఉంది, నేనూ అలాంటివాణ్ణే కాబట్టి. ఇంజనీరింగ్ చదివి, పగలు కోడ్ రాసి, రాత్రి పుస్తకాల గురించి రాస్తాను. దీనివల్ల నాకు ఒక్క రూపాయి రాదు, పోదు కూడా. ఆ మాటకి మూలంలో ఉన్నది ప్రేమ. ఇష్టంతో చేసేవాడు అమెచ్యూర్. అతన్ని 'రేపటి ప్రొఫెషనల్' అని ఊరించి, అతని ఇష్టాన్ని ప్రవేశ రుసుముగా మార్చి, ఓడితే చేప అని నవ్వే ఏర్పాటుని అమెచ్యూర్ల విజయం అని పిలుస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. పేకాటని ఇష్టంగా ఆడే అమెచ్యూర్లు మన ఇళ్ళలోనే ఉన్నారు. పెళ్ళిళ్ళలో తెల్లవార్లూ రమ్మీ ఆడి పదో పరకో పోగొట్టుకుని, పొద్దున్నే కాఫీ తాగుతూ ఆ ఒక్క జోకరు పడుంటే అని వాదించుకునేవాళ్ళు. వాళ్ళని ఎవరూ గరాటులో వేయలేదు.

మనీమేకర్ గురించి ఒక చిన్న వివరం ఉంది, ఎవరూ పెద్దగా చెప్పరు. సీటు గెలుచుకున్న ఆ ఆన్‌లైన్ పోటీలో మొదటి స్థానాలకి వేగస్ సీట్లు, నాలుగో స్థానానికి 8,000 డాలర్ల నగదు. అప్పులున్నవాడు కాబట్టి అతనికి కావాల్సింది ఆ నగదు. నాలుగో స్థానమే చాలనుకున్నాడు. స్నేహితుడు నచ్చజెప్పి సీటువైపు నడిపించాడు. ఈసారి ఎవరైనా మీకు ఈ కథ చెప్పి కళ్ళు మెరిపిస్తే, ఆ మామూలు మనిషికి మామూలుగా తోచిన ఆలోచన ఏమిటో చెప్పండి. తర్వాత, ఆ సీటుకి డబ్బు కట్టినవాళ్ళు మొత్తం ఎంతమందని అడగండి. జవాబు రాకపోతే, మీకు అమ్ముతున్నది ఏమిటో మీకే తెలుస్తుంది.